కార్టూన్ చిత్రాల్లో హింస – బాలప్రేక్షకులు : ఒక వివాద చరిత్ర (1940–2011)

వ్యాస సారాంశం

పిల్లల కార్టూన్ చిత్రాల్లో కనిపించే హింస పసివారి ప్రవర్తనపై ఎటువంటి ప్రభావం చూపుతుందన్న చర్చ ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో అమెరికాలో బలంగా మొదలైంది. ఆ చర్చ నడిచిన క్రమాన్ని చిత్ర నిర్మాణం, ప్రయోగశాల పరిశోధన, ప్రభుత్వ నియంత్రణ అనే మూడు పాయలుగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెద్దలూ పిల్లలూ కలిసి చూసే వినోదంగా పుట్టిన కార్టూన్ కేవలం పిల్లల వస్తువుగా మారిన తరువాతే హింస ఒక సమస్యగా గుర్తింపు పొందిందనీ, ఈ చరిత్రలో దెబ్బల సంఖ్యకు దక్కిన ప్రాధాన్యం దెబ్బ పర్యవసానానికి దక్కలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదులో రూపుదిద్దుకున్న ‘ఛోటా భీమ్’ను ఆంధ్ర మహాభారతంలోని బాలభీముడితో పోల్చి, ఈ ప్రతిపాదనకు తెలుగు సందర్భంలో గల ప్రాసంగికతను చివర సూచిస్తుంది.

ఉపోద్ఘాతం

పిల్లల వినోదంపై పెద్దల ఆందోళన కొత్తది కాదు. చలనచిత్రం ప్రజాదరణ పొందిన కొద్ది కాలానికే అది పిల్లలను చెడగొడుతుందన్న వాదం వినిపించింది. 1929 నుంచి 1932 వరకు అమెరికాలో పేన్ ఫండ్ ఆర్థిక సహాయంతో జరిగిన అధ్యయనాలు ఈ ఆందోళనను శాస్త్రీయంగా పరీక్షించేందుకు జరిగిన తొలి పెద్ద ప్రయత్నం. 1954లో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ బొమ్మల కథల పుస్తకాలపై చేసిన దాడి, అదే ఏడాది సెనేట్ ఉపసంఘం జరిపిన విచారణ, వాటి ఫలితంగా ప్రచురణకర్తలు తమకు తామే విధించుకున్న ‘కామిక్స్ కోడ్’ ఈ ధోరణికి కొనసాగింపు. కార్టూన్ చిత్రాలపై వివాదాన్ని ఈ పరంపరలో భాగంగానే చూడాలి. అయితే దానికొక ప్రత్యేకత ఉంది. కార్టూన్‌లో హింస నవ్వుతో ముడిపడి ఉంటుంది. దెబ్బ తిన్న పాత్ర మరుక్షణంలో లేచి నిలబడుతుంది. నవ్వించే హింసను హింసగా లెక్కించాలా అన్న ప్రశ్న ఈ వివాదానికంతటికీ మూలం.

థియేటర్ నుంచి ఇంటికి : ప్రేక్షకుడు మారిన తీరు

విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఎం.జి.ఎం. సంస్థ కోసం 1940లో తీసిన ‘పుస్ గెట్స్ ది బూట్’తో టామ్ అండ్ జెర్రీ జంట తెరకెక్కింది. సినిమా హాలులో అసలు చిత్రానికి ముందు వార్తాచిత్రంతోపాటు ప్రదర్శించే చిన్న చిత్రం అది. దాని ప్రేక్షకుల్లో పిల్లలున్నా, టికెట్టు కొని వచ్చిన పెద్దలే ప్రధానం. ఈ పరంపరకు తొలి ఆస్కార్ సంపాదించిన ‘ది యాంకీ డూడుల్ మౌస్’ 1943లో, అంటే రెండవ ప్రపంచయుద్ధం ఉద్ధృతంగా సాగుతున్న కాలంలో, వెలువడింది. అందులో పిల్లీ ఎలుకల పోరాటం యుద్ధరంగాన్ని అనుకరిస్తుంది. నాటి ప్రేక్షకులకు అది హాస్యమే కాదు, తాము అనుభవిస్తున్న కాలానికి ఒక వెక్కిరింత కూడా.

ఆ కాలంలో నియంత్రణ లేకపోలేదు. 1934 నుంచి కట్టుదిట్టంగా అమలైన హేస్ నియమావళి కార్టూన్లకూ వర్తించింది. దాని ప్రభావంతో బెట్టీ బూప్ పాత్ర వేషధారణ మారింది. కాని సుత్తి దెబ్బలు, పేలుళ్లు, మీద పడే బరువులు ఆ నియమావళికి అభ్యంతరంగా తోచలేదు. శృంగార సూచన నీతి సమస్య అయింది. హాస్యపు దెబ్బ కాలేదు. ఏది ప్రమాదకరమన్న నిర్ణయం కాలాన్ని బట్టి మారుతుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

1957లో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని మూసివేసింది. అప్పటికే టెలివిజన్ అమెరికన్ ఇళ్లలోకి వచ్చేసింది. హన్నా, బార్బెరా సొంత సంస్థ పెట్టుకొని, తక్కువ బొమ్మలతో తక్కువ ఖర్చులో కార్టూన్ తీసే పద్ధతిని టెలివిజన్‌కు అలవాటు చేశారు. 1965లో పాత టామ్ అండ్ జెర్రీ చిత్రాలు సి.బి.ఎస్.లో శనివారం ఉదయపు కార్యక్రమంగా ప్రసారం కావడం మొదలైంది. అంతటితో ఒక కీలకమైన మార్పు పూర్తయింది. హాలులో పెద్దల పక్కన కూర్చుని అప్పుడప్పుడూ చూసిన చిత్రాన్ని, పిల్లవాడు ఇప్పుడు ఇంట్లో, తరచుగా ఒంటరిగా, ప్రతి వారం చూస్తున్నాడు. చిత్రం అదే, చూసే సందర్భం వేరు. హింస కొత్తగా పుట్టలేదు, దాని ప్రేక్షకుడు మారాడు.

దీనికి తోడు 1966, 1967 సంవత్సరాల్లో ‘స్పేస్ ఘోస్ట్’, ‘ది హెర్క్యులాయిడ్స్’, ‘బర్డ్‌మన్’ వంటి వీరనాయక కార్టూన్లు వరుసగా వెలువడ్డాయి. టామ్ అండ్ జెర్రీలో దెబ్బ ఒక హాస్యోక్తి వంటిది. ఈ కొత్త కార్టూన్లలో దెబ్బ సమస్యకు పరిష్కారం. దుష్టుడు వస్తాడు, నాయకుడు కొడతాడు, లోకం కుదుటపడుతుంది. ఈ రెండు రకాల హింసకూ మధ్య గల భేదాన్ని తరువాతి చర్చ చాలాకాలం పట్టించుకోలేదు.

ప్రయోగశాలలో పసివారు

ఈ నేపథ్యంలోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా తన సహచరులు డొరొతియా రాస్, షీలా రాస్‌లతో కలిసి ప్రసిద్ధమైన ‘బోబో బొమ్మ’ ప్రయోగాలు చేశాడు. 1961లో వెలువడిన మొదటి అధ్యయనంలో విశ్వవిద్యాలయ శిశువిద్యాలయానికి చెందిన 72 మంది పిల్లలు పాల్గొన్నారు. ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, అటువంటిది చూడని వారికంటే ఎక్కువగా ఆ చేష్టలను అనుకరించారు.

మన చర్చకు మరింత ముఖ్యమైనది 1963లో వెలువడిన రెండవ అధ్యయనం. ఇందులో 96 మంది పిల్లలను నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం మనిషి బొమ్మను కొట్టడాన్ని ప్రత్యక్షంగా చూసింది. రెండవది అదే దృశ్యాన్ని చలనచిత్రంగా చూసింది. మూడవది నల్లపిల్లి వేషం వేసుకున్న స్త్రీ రంగురంగుల కృత్రిమ నేపథ్యంలో బొమ్మను కొట్టడాన్ని టెలివిజన్ పెట్టెలో కార్టూన్‌గా చూసింది. నాలుగవది ఏదీ చూడలేదు. చూసిన మూడు వర్గాల వారూ చూడని వర్గం కంటే ఎక్కువ దూకుడు చూపారు. పిల్లి కొట్టినా మనిషి కొట్టినా పసివాడికి పెద్ద తేడా లేదన్న సూచన ఇందులో ఉంది.

1965లో బండూరా చేసిన మరో ప్రయోగానికి ఇంతటి ప్రచారం రాలేదు గాని, చరిత్ర దృష్టితో చూస్తే అదే అన్నింటికంటే ఆలోచింపజేసేది. కొట్టిన వ్యక్తికి శిక్ష పడినట్లు కొందరు పిల్లలకు, బహుమతి దక్కినట్లు కొందరికి, ఏ ఫలితమూ లేనట్లు మిగిలినవారికి చూపారు. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కాని చూసినది చేసి చూపితే కానుక ఇస్తామన్నప్పుడు మూడు వర్గాల మధ్య తేడా దాదాపు మాయమైంది. అంటే పిల్లలందరూ ఆ చేష్టను నేర్చుకున్నారు; చేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని మాత్రం చూసిన పర్యవసానం ప్రభావితం చేసింది. నేర్వడం వేరు, ఆచరించడం వేరు. ఈ విచక్షణ బహిరంగ చర్చలో స్థిరపడి ఉంటే వివాదం మరో దారిలో నడిచేది.

ఈ ప్రయోగాలపై వచ్చిన విమర్శలు కూడా సమంజసమైనవే. బోబో బొమ్మ కొట్టడానికే తయారైన ఆటవస్తువు; తోస్తే పడి తిరిగి లేస్తుంది. దానిని కొట్టిన పిల్లవాడు సాటి పిల్లవాడిని కొడతాడని చెప్పలేం. కొలిచిన ప్రభావం కొద్ది నిమిషాలది. పాల్గొన్న పిల్లలు ఒక సామాజిక వర్గానికి చెందినవారు. అయినా పసితనంలో అనుకరణ ఎంత సహజమో ఈ ప్రయోగాలు నిరూపించాయన్న విషయాన్ని విమర్శకులు కూడా పెద్దగా కాదనలేదు.

ప్రభుత్వం, పరిశోధన, వ్యాపారం

1961 మే 9న సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్.సి.సి. అధ్యక్షుడు న్యూటన్ మినో ప్రసారకర్తల సభలోనే టెలివిజన్‌ను విశాలమైన బీడుభూమిగా వర్ణించాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యల తరువాత హింసకు కారణాలు వెతికే జాతీయ కమిషన్ ఏర్పడింది. అదే సంవత్సరం బోస్టన్ ప్రాంతంలో పెగ్గీ చారెన్ మరికొందరు తల్లులతో కలిసి ‘యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్’ అనే సంస్థను స్థాపించింది. ఈ ఒత్తిళ్ల మధ్య వీరనాయక కార్టూన్లు వెనక్కి తగ్గాయి. 1969లో సి.బి.ఎస్. ప్రారంభించిన ‘స్కూబీ డూ’ ఆ ఖాళీని నింపింది. అందులో వెంటాడటం ఉంటుంది గాని కొట్లాట తక్కువ. భయపెట్టిన భూతం ముసుగు తీస్తే మామూలు మనిషి. బయటి ఒత్తిడి కథనరీతిని మార్చగలదనడానికి ఇది నిదర్శనం.

సెనేటర్ జాన్ పాస్టోర్ కోరికపై ఏర్పడిన సర్జన్ జనరల్ సలహా సంఘం 1972లో తన నివేదికను సమర్పించింది. ఆ సంఘం కూర్పే వివాదాస్పదమైంది. సభ్యుల పేర్లపై అభ్యంతరం చెప్పే అవకాశాన్ని టెలివిజన్ సంస్థలకు ఇవ్వడంతో ఏడుగురు పరిశోధకులు తొలగింపునకు గురయ్యారు. వారిలో బండూరా ఒకడు. నివేదిక భాష అతి జాగ్రత్తగా, ప్రభావం కొందరు పిల్లలకే పరిమితమన్నట్లు సాగింది. అయితే ఆ తరువాతి సెనేట్ విచారణలో సర్జన్ జనరల్ జెస్సీ స్టైన్‌ఫెల్డ్, చర్య తీసుకోవడానికి తగిన ఆధారం ఉందని స్పష్టం చేశాడు. ఒకే పరిశోధనను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చదువుకోగలిగిన స్థితి అప్పటి నుంచే మొదలైంది.

ఇదే కాలంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్‌నర్ టెలివిజన్ హింసను ఏటా లెక్కించే పని చేపట్టాడు. వారాంతపు పిల్లల కార్యక్రమాల్లో హింసాత్మక చర్యల రేటు పెద్దల కార్యక్రమాలకంటే చాలా ఎక్కువని ఆయన లెక్కలు చూపాయి. హాస్యపు చెంపదెబ్బనూ హత్యనూ ఒకే గాటన కట్టడమేమిటని ప్రసార సంస్థలు ఆక్షేపించాయి. గెర్బ్‌నర్ ఉద్దేశం కేవలం సంఖ్య కాదు. తెర మీది హింస అధికారాన్ని గురించిన పాఠమని ఆయన అభిప్రాయం: ఎవరు కొట్టగలరు, ఎవరు కొట్టించుకోవాలి అన్నది ప్రేక్షకుడు దాని నుంచి నేర్చుకుంటాడు. కాని పత్రికలకు లెక్క అందినంత సులభంగా ఈ ఆలోచన అందలేదు.

లెక్కల ప్రభావానికి ప్రసిద్ధమైన ఫలితం 1975 నాటి టామ్ అండ్ జెర్రీ. ఎ.బి.సి. కోసం హన్నా–బార్బెరా సంస్థ తీసిన ఈ కొత్త పరంపరలో పిల్లీ ఎలుకలు మిత్రులు. ఎలుక మెడకు విల్లుముడి టై వచ్చింది. తరమడం, కొట్టడం పోయాయి. నియమాలకు లోబడిన ఆ చిత్రాలు ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలవలేదు. 1980లో మరో సంస్థ తీసిన పరంపరలో తరుముడు తిరిగి వచ్చింది. హింసను కత్తిరిస్తే సరిపోదు, దాని స్థానంలో కథకు మరో చోదకశక్తి కావాలన్న పాఠం ఇందులో ఉంది. స్కూబీ డూకు ఆ శక్తి రహస్యశోధన రూపంలో దొరికింది. 1975 నాటి టామ్ అండ్ జెర్రీకి దొరకలేదు.

1980వ దశకంలో మార్క్ ఫౌలర్ అధ్యక్షతన ఎఫ్.సి.సి. నియంత్రణలను సడలించింది, 1984లో వాణిజ్య ప్రకటనల వ్యవధిపై పరిమితులను ఎత్తివేసింది. ఆటబొమ్మల అమ్మకానికి కార్టూన్ తోడయింది. 1983లో మాటెల్ బొమ్మల ఆధారంగా వచ్చిన ‘హీ–మ్యాన్’, 1984లో వచ్చిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ ఈ కోవకు చెందినవి. హీ–మ్యాన్ దూరదర్శన్ ద్వారా భారతీయ బాలలకూ పరిచయమైంది. ప్రతి కథ చివర ఒక నీతివాక్యం చెప్పడం దాని ప్రత్యేకత. ఇరవై నిమిషాల పోరాటాన్ని అర నిమిషం నీతి సమం చేయగలదన్న ఈ నమ్మకం విమర్శలకు జవాబుగా పుట్టిందే.

చట్టం, చిప్పు, చిహ్నం

1990లో ‘చిల్డ్రన్స్ టెలివిజన్ యాక్ట్’ ప్రకటనల వ్యవధిని వారాంతాల్లో గంటకు పదిన్నర నిమిషాలకు, ఇతర దినాల్లో 12 నిమిషాలకు పరిమితం చేసింది. 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం తల్లిదండ్రులు కార్యక్రమాలను అడ్డుకోగలిగే ‘వి–చిప్’ను కొత్త టెలివిజన్లలో తప్పనిసరి చేసింది. 1997లో వయోసూచికలు వచ్చాయి. ఏడేళ్లు దాటిన పిల్లలకు ఉద్దేశించిన కార్యక్రమాల్లో పోరాటం ఎక్కువగా ఉంటే ‘కల్పిత హింస’ అని సూచించే చిహ్నం చేర్చారు. ఏడేళ్లను హద్దుగా తీసుకోవడం వెనుక, అంతకంటే చిన్నవారికి కల్పనకూ వాస్తవానికీ మధ్య గీత స్పష్టంగా ఉండదన్న మనస్తత్వశాస్త్ర అవగాహన ఉంది.

నాలుగు విశ్వవిద్యాలయాల పరిశోధకులు 1994 నుంచి కొన్నేళ్ల పాటు జరిపిన ‘నేషనల్ టెలివిజన్ వయొలెన్స్ స్టడీ’ ఈ చరిత్రలో ఒక మలుపు. దెబ్బలను లెక్కించడంతో ఆగక, హింసను చిత్రించిన సందర్భాన్ని ఇది పరిశీలించింది. కొట్టిన వాడు ఆకర్షణీయమైన నాయకుడా, శిక్ష పడిందా, బాధ కనిపించిందా, నవ్వు పులుముకుందా అన్నవి దాని ప్రశ్నలు. బాధ చూపని, శిక్ష లేని, నవ్వు తెప్పించే హింస చిన్నపిల్లల కార్యక్రమాల్లోనే అధికమని తేల్చింది. 1965లో బండూరా ప్రయోగం సూచించిన ప్రశ్నకు మూడు దశాబ్దాల తరువాత దక్కిన గుర్తింపు ఇది. అయితే అప్పటికే విధానం చిప్పు, చిహ్నాల వైపు మళ్లింది. బాధ్యత నిర్మాత చేతి నుంచి తల్లిదండ్రుల చేతికి మారింది.

శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం మాత్రం కుదరలేదు. 1977లో షికాగో ప్రాంతంలో పరిశీలించిన పిల్లలను దాదాపు 15 ఏళ్ల తరువాత తిరిగి కలిసిన రోవెల్ హ్యూస్‌మన్ బృందం, బాల్యంలో హింసాత్మక కార్యక్రమాలు ఎక్కువగా చూసిన వారిలో యౌవనంలో దూకుడు అధికమని 2003లో ప్రకటించింది. అంతకు ఏడాది ముందే, 2002లో, జోనథన్ ఫ్రీడ్‌మన్ ఈ రంగంలోని పరిశోధనలను సమీక్షించి, కార్యకారణ సంబంధం రుజువు కాలేదని వాదించాడు. 2011లో కాలిఫోర్నియా వీడియో ఆటల చట్టాన్ని సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో కొట్టివేసింది. మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి స్కాలియా, పిల్లలకు చెప్పే గ్రిమ్ సోదరుల కథల్లోనూ హింస ఉందని గుర్తు చేశాడు. హింసను చిత్రించడాన్ని చట్టంతో అదుపు చేసే ప్రయత్నానికి ఆ తీర్పు గట్టి హద్దు గీసింది.

బాలభీముడు, ఛోటా భీమ్

స్కాలియా వాదం మనకు కొత్తది కాదు. మన పురాణాల్లో, పంచతంత్రంలో, చందమామ కథల్లో హింస లేదా అని అడిగేవారు మన మధ్యా ఉన్నారు. ఉంది. అయితే అది ఎలా ఉందన్నదే పరిశీలించవలసిన విషయం.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ భారతదేశంలో ప్రసారాలు ప్రారంభించింది. పిల్లల కార్యక్రమాల్లో దుర్భాషలు, బాహాటమైన హింసాదృశ్యాలు లేకుండా జాగ్రత్త వహించాలని కేబుల్ టెలివిజన్ నియమావళి నిర్దేశిస్తుంది. 2008లో పోగో ఛానల్‌లో మొదలైన ‘ఛోటా భీమ్’ను రాజీవ్ చిలక స్థాపించిన హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ రూపొందించింది. విదేశీ కార్టూన్లదే పైచేయిగా ఉన్న కాలంలో స్థానిక పాత్రలతో, స్థానిక వాతావరణంతో దేశవ్యాప్త ఆదరణ పొందడం దాని ఘనత. ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలో భీముడు లడ్డూ తిని బలం పుంజుకొని దుష్టులను ఓడిస్తాడు. మిత్రులకు సాయపడటం, బలహీనులను కాపాడటం అతని గుణాలు. అతని చేతిలో దెబ్బ తిన్న వాడి కథ మాత్రం సాధారణంగా అక్కడితో ముగుస్తుంది.

నన్నయ ఆదిపర్వంలో బాలభీముడూ బలశాలే. ఆటల్లో కౌరవులను నీట ముంచుతాడు. వారెక్కిన చెట్టును కుదిపి పండ్లతోపాటు వారినీ రాలుస్తాడు. వినడానికి ఇది కార్టూన్ దృశ్యమే, నవ్వు వచ్చే సన్నివేశమే. కాని కథ అక్కడ ఆగదు. ఆ చేష్టలు దుర్యోధనుడి మనసులో ద్వేషాన్ని నాటుతాయి. ఆ ద్వేషం భీముడికి విషం పెట్టించి గంగలో తోయించేదాకా వెళుతుంది. భీముడికి దురుద్దేశం లేకపోయినా, దెబ్బ తిన్నవాడు దాన్ని మరిచిపోలేదు. పిల్లల ఆటలోని హింసకు సైతం పర్యవసానం ఉంటుందని ఇతిహాసం చూపుతుంది. కార్టూన్ భీముడు ఆ బలాన్నీ ఆ పేరునూ వారసత్వంగా పొందాడు; పర్యవసానాన్ని పొందలేదు. ఈ లోటు ఒక్క చిత్రానిది కాదు, ప్రతి కథనూ కొత్తగా మొదలుపెట్టవలసిన ధారావాహిక కార్టూన్ ప్రక్రియది. నిన్నటి దెబ్బ నేటి కథలో గుర్తుండదు.

ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, కార్టూన్ హింస సమస్యగా మారడానికి చిత్రంలోని మార్పు కంటే ప్రేక్షకుడిలో, చూసే సందర్భంలో వచ్చిన మార్పు ప్రధాన కారణం. పెద్దల తోడు లేకుండా చరవాణిలో ఒకదాని తరువాత ఒకటి చూస్తున్న నేటి పసివాడి విషయంలో ఈ మార్పు మరింత ముందుకు వెళ్లింది. ప్రసార వేళలను నమ్ముకున్న పాత నియమాలు అక్కడ పనిచేయవు. రెండవది, నిషేధం, నీతివాక్యం, చిహ్నం అనే మూడు పరిష్కారాలూ హింస పరిమాణాన్నే లక్ష్యంగా చేసుకున్నాయి. మూడవది, పసివాడు చేష్టను ఎలాగూ నేర్చుకుంటాడు. దాని ఫలితం ఏమిటన్నది కథే చెప్పాలి.

తెలుగు బాలసాహిత్య విమర్శ ఇంతవరకు ముద్రిత కథలపైనే ఎక్కువగా దృష్టి నిలిపింది. నేటి పిల్లలు కథను మొదట వింటున్నది తెర నుంచి. కాబట్టి తెర మీది కథను కూడా సాహిత్యంగా చదవవలసిన బాధ్యత విమర్శకులకుంది. ఎన్ని దెబ్బలున్నాయని కాక, ఎవరు ఎవరిని కొట్టారు, దెబ్బ తిన్నవాడికి నొప్పి కలిగిందా, కొట్టకుండా ఆ చిక్కు విడిపోయే దారి కథలో ఉందా అని అడగాలి. మూడేళ్ల పిల్లవాడు ఈ ప్రశ్నలు వేయలేడు. అతని తరఫున పెద్దలు వేయాలి.